మా ఇంటి పురుగుల లెక్క: యాప చెట్టు మీద దొరికిన చెరకు దొంగ



పైన వీడియోలో మొదట కనబడేది మా ఊరి ఇంటి ముందర యాప చెట్టు. కింద పరిచింది మా అమ్మ పాత తెల్ల దుప్పటి. బకెట్ పట్టుకుని నిలబడ్డది మా బిడ్డ, నాలుగో తరగతి. దోటితో కొమ్మలు ఊపుతున్నది నేను. "పడ్డయ్, పడ్డయ్" అని అరుస్తున్నది మా చిన్నోడు. వీడియో చూసిన మా దోస్తు ఒకాయన "ఏందన్నా, పిల్లల్తోని ఆటలా?" అన్నాడు. ఆటే. కానీ ఈ ఆట రెండేళ్ల ముందే ఆడి ఉంటే నాకు ఎనిమిది గుంటల చెరకు మిగిలేది. ఆ కథే ఇది.

ఎనిమిది గుంటలు పోయాక తెలిసింది

మాది బోధన్ పక్కన పల్లె. తాత కాలంలో మా బండ్లన్నీ శక్కర్‌నగర్‌కే పోయేవి. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక మా చుట్టుపక్కల చాలామంది చెరకు తీసేసి వరికి మళ్లారు. నేను మాత్రం రెండెకరాల చెరకు ఉంచుకున్నాను. దాంతో బెల్లం పొడి, ఇంకో ఎకరంలో పసుపు. రెండూ ప్రకృతి పద్ధతిలో పండించి నిజామాబాద్‌లో చిన్న దుకాణం పెట్టి అమ్ముతాను. పిల్లల చదువు కోసం టౌన్‌లో ఉంటాం, శని ఆదివారాలు ఊళ్లో.

రెండేళ్ల కింద, ఆగస్టు చివర్లో, చేను మధ్యలో ఒక చోట చెరకు పసుపు తిరిగింది. నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని తడి పెట్టాను. తగ్గలేదు. తెగులేమో అనుకుని జీవామృతం పారించాను. తగ్గలేదు. మూడో వారానికి ఎనిమిది గుంటల మేర ఎండుపట్టింది. అప్పుడు ఒక దుబ్బు పట్టి లాగితే, ఏం బలం పెట్టకుండానే చేతికి వచ్చేసింది. కింద వేర్లు లేవు. మట్టిలో ఇంగ్లీషు 'సి' అక్షరంలా ముడుచుకుని, గోధుమ రంగు తలతో లావుపాటి తెల్ల పురుగులు. వేరు పురుగు.

ఒకదాన్ని సీసాలో వేసి ఇంటికి తెచ్చాను. చూసి అందరూ "అబ్బా" అన్నారు. అంతే. కథ అక్కడ ఆగిపోయింది.

మళ్లీ జూన్ వచ్చింది. మొదటి పెద్ద వాన పడ్డ సాయంత్రం మేం ఊళ్లోనే ఉన్నాం. మా చిన్నోడు ఒక గోధుమ రంగు పెంకు పురుగుని పట్టుకొచ్చి, కాలికి దారం కట్టి గిరగిరా ఎగరేస్తున్నాడు.

"ఎక్కడిదిరా ఇది?"

"యాప చెట్టు మీదికెళ్లి, డాడీ. మస్తుగున్నయ్. పోయినేడు గూడ వచ్చినయ్ గదా!"

టార్చ్ వేసి చెట్టు పైకి చూశాను. కొమ్మకొమ్మకీ అవే. ఆకు కొరుకుతున్న చప్పుడు కూడా వినబడుతోంది.

నా గుండె జారింది. ఎందుకంటే వ్యవసాయ డిప్లొమాలో ఈ పాఠం నేను చదివాను. వేరు పురుగు తల్లి పెంకు పురుగులు తొలకరి వానకి నేలలోంచి లేచి, చీకటి పడగానే యాప, రేగు లాంటి చెట్ల మీదికి చేరి ఆకు తిని జతకడతాయని, తర్వాత పొలంలో మట్టిలోకి దూరి గుడ్లు పెడతాయని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ వానపడ్డ రాత్రి మా చెట్టు వైపు తలెత్తి ఒక్కసారి కూడా చూడలేదు. నా చెరకు తిన్న దొంగ నా వాకిట్లోనే ఉంది. నా కొడుకు దానికి దారం కట్టి ఆడుకుంటున్నాడు. వాడికి దాని రాక తెలుసు, నాకు దాని పేరు తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఆ సంగతి మాట్లాడుకోలేదు, అంతే తేడా.

చెట్టు కింద గంటసేపు

ఆ రాత్రే మొదలుపెట్టాం. పద్ధతి చాలా తేలిక. వీడియోలో 2వ నిమిషం నుంచి చూడొచ్చు.

మంచి వాన పడ్డ రోజు నుంచి వరసగా పది పదిహేను రోజులు, చీకటి పడ్డాక ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. చెట్టు కింద దుప్పటి పరవాలి. దోటితో కొమ్మలు గట్టిగా ఊపాలి. రాలిన పురుగులని ఏరి సబ్బు నీళ్లో, కొంచెం కిరోసిన్ కలిపిన నీళ్లో ఉన్న బకెట్‌లో వేయాలి. ఒక ఆడ పురుగు మట్టిలోకి పోకముందే దొరికితే, దాని గుడ్లన్నీ మన బకెట్లోనే పోయినట్టు. వేరు పురుగుకి ఏడాదికి ఒకటే తరం. అంటే ఈ రెండు వారాలు తప్పిపోతే మళ్లీ ఏడాది దాకా దాని తల్లి మన కంటికి దొరకదు. జులై నుంచి అక్టోబర్ దాకా పిల్ల పురుగు వేర్లు తింటూ మట్టిలోనే ఉంటుంది. అప్పుడు మనం చేసేది చాలా తక్కువ.

మా బిడ్డ నోట్‌బుక్‌లో రోజూ లెక్క రాసింది. మొదటి రోజు 212. నాలుగో రోజు 340. పన్నెండో రోజుకి 19. ఒక్క చెట్టు ఊపితే చాలదు కాబట్టి పక్కింటి పెద్దనాన్నకి, మా పొలం గట్టు మీద చెట్లున్న ఇంకో ఇద్దరికి చెప్పాం. మొదటి రోజు నవ్వారు. మూడో రోజు వాళ్ల పిల్లలే వాళ్లని లాక్కొచ్చారు.

ఆ ఏడాది చెరకులో వేరు పురుగు దెబ్బ ఒక గుంట దాటలేదు. అంతా చెట్టు ఊపినందుకే అని నేను అనను. వేసవి దుక్కి లోతుగా దున్నాను, పశువుల ఎరువులో మెటారైజియం శిలీంధ్రం కలిపి మాగబెట్టి చల్లాను. అన్నీ కలిసి పనిచేసి ఉంటాయి. కానీ ఇందులో పైసా ఖర్చు లేనిది, పిల్లలు చేసిన పని ఒక్కటే.

రెండో తప్పు: చిక్కుడు పందిరి

ఇది చెప్పడానికి ఇంకా సిగ్గు. కానీ చెప్పాలి, ఎందుకంటే ఇదే తప్పు మనలో చాలామంది చేస్తున్నాం.

టౌన్ ఇంట్లో మేడ మీద మా అమ్మ చిక్కుడు పందిరి వేసింది. మొగ్గల మీద పేనుబంక పట్టింది. రెండు రోజుల తర్వాత చూస్తే ఆ పేనుబంక మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలి పిల్లల్లా ఉన్న పురుగులు పాకుతున్నాయి. "ఇవెక్కడి దరిద్రం, ఇంకోటి పట్టింది" అని అగ్నిఅస్త్రం పిచికారీ చేశాను. పొద్దున్నే అన్నీ చచ్చి పడి ఉన్నాయి. సంతోషపడ్డాను. పది రోజుల్లో పేనుబంక పందిరంతా కమ్మేసింది. కాయ కూడా జిగటైపోయింది. అమ్మ పందిరి పీకేసింది.

తర్వాత ఒక రోజు మా బిడ్డ ఫోన్‌లో బొమ్మ చూపించింది. "డాడీ, నువ్వు చంపినవి అక్షింతల పురుగు పిల్లలు."

అక్షింతల పురుగంటే ఎర్రగా, గుండ్రంగా, నల్ల చుక్కలతో ఉంటుందని అందరికీ తెలుసు. మిత్ర పురుగుల చార్టులో మొదటి బొమ్మ అదే. కానీ దాని పిల్ల దానిలా ఉండదు. ఒక్కో పిల్ల పెద్దయ్యేలోపు కొన్ని వందల పేనుబంక పురుగులని తింటుంది. నేను చేసింది పొలానికి కాపలా ఉన్న కుక్కని కొట్టి చంపి, దొంగకి తలుపు తీసినట్టే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "మనం రసాయనాలు కొట్టం కదా, కషాయాలే కదా, ఏం కాదులే" అనే ధీమా మంచిది కాదు. మిరపకాయ, వెల్లుల్లి, పొగాకు మరిగించిన కషాయానికి ఏది మిత్రుడో ఏది శత్రువో తెలియదు. ఆ తేడా తెలియాల్సింది మనకి.

మళ్లీ దీనికి ఇంకో మెలిక. వంకాయ, కాకర ఆకుల మీద కూడా అక్షింతల పురుగు లాంటిదే ఒకటి ఉంటుంది. అది ఆకు పచ్చదనం గీకి జల్లెడ చేస్తుంది. మంచిదాని వీపు నున్నగా మెరుస్తుంది. చెడ్డదాని వీపు మెరుపు లేకుండా, సన్నటి నూగుతో, చాలాసార్లు 28 చుక్కలతో ఉంటుంది. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో ఉంటుంది. మా పిల్లలకి నేను నేర్పిన గుర్తు ఒకటే: మెరిస్తే వదిలెయ్, మెరవకుంటే ఆకు చూడు.

పురుగుని అడిగే ఐదు ప్రశ్నలు

ఆ చిక్కుడు పందిరి తర్వాత మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పేరు తెలియని పురుగుని చంపొద్దు. ముందు ఐదు ప్రశ్నలు అడగాలి.

1. కాళ్లెన్ని? ఆరైతే కీటకం. ఎనిమిదైతే సాలీడో, నల్లి జాతిదో. తొలకరిలో మఖమల్ గుడ్డలా ఎర్రగా తిరిగే ఆరుద్ర పురుగుని లెక్కపెట్టి చూడండి. ఎనిమిది కాళ్లు! అంటే మనం పురుగంటున్నాం కానీ అది కీటకం కాదు, నల్లుల చుట్టం.

2. రెక్కలెన్ని? ఒకే జత అయితే ఈగ, దోమ జాతి. రెండు జతలైతే మిగతావి. పై రెక్క గట్టి పెంకులా ఉంటే పెంకు పురుగు. పూల మీద తేనెటీగలా చారలతో ఒకే చోట గాలిలో నిలబడే దాన్ని జాగ్రత్తగా చూస్తే రెక్కలు ఒకే జత. అది సిర్ఫిడ్ ఈగ. కుట్టదు. దాని పిల్ల కూడా పేనుబంకని తింటుంది.

3. నోరు ఎట్లాంటిది? కొరికేదా, పీల్చేదా? ఆకు మీద చిల్లులుంటే కొరికేది. ఆకు ముడుచుకుని జిగటగా ఉంటే పీల్చేది.

4. ఎక్కడ ఉంది, ఏం తింటోంది? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడాలి. పురుగు ఆకు తింటోందా, ఆకు మీది ఇంకో పురుగుని తింటోందా?

5. ఇది తల్లా, పిల్లా? పిల్ల పురుగులు తల్లిలా ఉండకపోవచ్చు. అనుమానంగా ఉంటే సీసాలో అదే మొక్క ఆకు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి పెంచి చూడాలి.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక భూతద్దం, మెత్తటి పెయింటింగ్ బ్రష్, నాలుగు సీసాలు, నోట్‌బుక్, ఫోన్. ఫోన్‌లో 'సీక్', 'ఐ-నాచురలిస్ట్' అని రెండు ఉచిత యాప్‌లున్నాయి. ఫోటో తీస్తే పేరు చెబుతాయి. 'సీక్'కి ఖాతా కూడా అవసరం లేదు కాబట్టి పిల్లలకి బాగుంటుంది. అయితే యాప్ చెప్పిందే వేదం కాదు. పిల్ల పురుగుల విషయంలో తరచుగా తడబడుతుంది. యాప్ చెప్పిన పేరుని నాలుగో ప్రశ్నతో సరిచూసుకోవాలి. అప్పటికీ తేలకపోతే మాకు రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా స్థానం ఉంది. మీ దగ్గర కృషి విజ్ఞాన కేంద్రం ఉంటుంది. పురుగుని సీసాలో, అది తిన్న ఆకుతో సహా పట్టుకుపోండి.

ఇంట్లోనే ఎక్కడెక్కడ వెతకాలి

*వాకిట్లో లైటు.* గోడకి తెల్ల దుప్పటి కట్టి, ముందర బల్బు పెట్టి, రాత్రి ఏడు నుంచి పది దాకా చూడండి. మా ఇంటి చుట్టూ నిజాంసాగర్ కాల్వ కింద వరి. దుప్పటి మీద పసుపు రంగు రెక్కల పురుగు, ఒక్కో ముందు రెక్క మీద ఒక్కో నల్ల చుక్కతో కనబడితే అది మొగి పురుగు తల్లి, ఆడది. పొలంలో తెల్ల కంకి కనబడ్డాక మనం చేసేదేం లేదు. దుప్పటి మీద తల్లి కనబడ్డప్పుడే ఆకు చివర్లలో గుడ్ల ముద్దలు వెతికి తుంచాలి, ట్రైకోగ్రామా కార్డులు తెప్పించాలి. ట్రైకోగ్రామా అనేది మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ జాతి పురుగు. వేరే పురుగుల గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. అది గుడ్డు మీదే పనిచేస్తుంది, పుట్టిన పురుగు మీద కాదు. అందుకే తల్లి ఎప్పుడొచ్చిందో తెలియాలి. ఆ కబురు మీ వాకిట్లో బల్బే చెబుతుంది. చూడటం అయిపోగానే లైటు ఆర్పెయ్యండి, మిత్రులు కూడా దానికి వచ్చి అలిసిపోతాయి.

*కల్యమాకు చెట్టు.* కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలా ఉండే పురుగు కనబడితే పిల్లలకి ఇచ్చెయ్యండి. అది సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి పాము నాలుకలా రెండు చీలికల కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. మా చిన్నోడికి అది చూడటం పండగ. డబ్బాలో రోజూ తాజా ఆకు వేసి పెంచాం. గూడు కట్టి, తొమ్మిదో రోజు పొద్దున రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. ఆ రోజు వాడు బడికి ఆలస్యంగా పోయాడు. నేనేం అనలేదు.

*గోడ మూల మట్టి గూడు.* కందిరీగ కట్టే ఈ గూళ్లని అమ్మ ఎప్పుడూ గరిటెతో గీకేసేది. ఒకటి పగిలితే లోపల తొమ్మిది పచ్చ పురుగులు. బతికే ఉన్నాయి, కానీ కదలవు. పురుగుని తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ తిరుగుతూ రొద చేస్తే అది భ్రమరం అయిపోతుందని మన పెద్దలు భ్రమర కీటక న్యాయం చెబుతారు. అసలు జరిగేది ఇది: కందిరీగ పురుగుని కుట్టి కదలకుండా చేసి, గూట్లో పేర్చి, పక్కన తన గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగులని తిని, కందిరీగై బయటికొస్తుంది. అంటే ఒక్కో మట్టి అర మన తోటలోంచి ఎత్తుకుపోయిన తొమ్మిది పురుగుల లెక్క. ఇలాంటివే ఇంకొన్ని గూళ్లలో పురుగుల బదులు సాలీళ్లుంటాయి. ఇది చూశాక అమ్మ, "అయ్యో, ఇన్నేండ్లు ఎంత పని చేసిన బిడ్డా" అంది. ఇప్పుడు పడకగది గూళ్లు తప్ప వేటినీ ముట్టదు.

*బియ్యం డబ్బా, పసుపు గోనె.* ముందు చిన్న తొండం ఉంటే ముక్క పురుగు. అది నిండు గింజనే తొలుస్తుంది. తొండం లేకుండా ఎర్ర గోధుమ రంగులో ఉంటే పిండి పురుగు. అది ఎక్కువగా నూక మీద, పిండి మీద బతుకుతుంది. బియ్యంలో పిండి పురుగు ఎక్కువుంటే జల్లెడ పట్టండి, నూక ఎక్కువుందని అర్థం. ఇక పసుపు కొమ్ముల మీద గుండుసూది మొనంత గుండ్రటి చిల్లులు, కింద పొడి కనబడితే పొగాకుని కూడా తినే సిగరెట్ బీటిల్. రెండు మూడు మిల్లీమీటర్ల, గూని వీపు పురుగు. దాన్ని మా గోదాంలో మొదట పట్టింది నేను కాదు, ఖాళీ గోనెల మీద ఆడుకుంటున్న మా బిడ్డ. ఆ ఒక్క గోనె పక్కకి తీయడం వల్ల మిగతా పదకొండు బతికాయి. కొమ్ము విరిస్తే టక్కుమనేదాకా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాల్లో దాచడమే దీనికి మందు.

*పెంటకుప్ప.* ఎరువు తవ్వితే వచ్చే లావు తెల్ల పురుగులన్నీ చెరకు వేరు పురుగులు కావు. బొటనవేలంత లావున్నవి చాలావరకు కొబ్బరి కొమ్ము పురుగు పిల్లలు. కొబ్బరి చెట్లున్నవాళ్లు వీటిని ఏరెయ్యాలి. నేల మీద వదిలితే వీపు మీద పడుకుని పాకేవి పూల మీద వాలే పెంకు పురుగుల పిల్లలు. అవి కుళ్లిన చెత్తని మట్టి చేస్తాయి. వాటిని కుప్పలోనే వదిలెయ్యండి. ఈ పాకే పందెం వీడియోలో 9వ నిమిషం దగ్గర ఉంది, తప్పకుండా చూడండి.

పిల్లలతో ఉన్నప్పుడు జాగ్రత్త

అన్నీ ముట్టుకోవచ్చు అనుకోవద్దు. పోయినేడు మా చిన్నోడి మెడ మీద కాలిన గీతలా ఎర్రగా పొక్కింది. సాలీడు పోసిందనుకున్నాం. కాదు. వరి పొలాల నుంచి లైటుకి వచ్చే ఒక సన్నటి పొడుగు పురుగు ఉంది. నలుపు, నారింజ రంగులు ఒకదాని తర్వాత ఒకటి పట్టీల్లా ఉంటాయి. చూడటానికి రెక్కల్లేని చీమలా ఉంటుంది. పేరు పెడెరస్, రోవ్ బీటిల్ జాతి. అది కుట్టదు, కరవదు. మీద వాలితే మనం చేత్తో నలిపేస్తాం చూడండి, అప్పుడు దాని ఒంట్లో రసం చర్మాన్ని కాలుస్తుంది. పొక్కు వెంటనే రాదు, ఒకట్రెండు రోజులకి వస్తుంది. అందుకే కారణం తెలియదు. మీద వాలితే నలపకుండా ఊదెయ్యాలి. నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కన్ను తుడుచుకోవద్దు. కంట్లో పడితే డాక్టర్ దగ్గరికే.

విచిత్రం ఏందంటే ఇదే పురుగు వరిలో సుడిదోమని తినే మిత్రుడు. అంటే మిత్ర పురుగు అంటే మనిషికి మిత్రుడని కాదు, పంటకి మిత్రుడని.

కందిరీగల తుట్టె, తేనెపట్టు దగ్గరికి పిల్లలని పోనివ్వద్దు. రాళ్లు, కట్టెలు ఎత్తేటప్పుడు పెద్దవాళ్లే ఎత్తాలి, తేళ్లుంటాయి. వెంట్రుకల గొంగళి పురుగుని బ్రష్‌తోనే ఎత్తాలి.

పెద్దలు ముందే నడిచిన దారి

పురుగుని గుర్తుపట్టడం నేర్చుకుని రైతులు గట్టెక్కిన చరిత్ర ఉంది. ఇండోనేషియాలో వరికి మందులు విపరీతంగా కొట్టి, సాలీళ్లు చచ్చి, సుడిదోమ విరుచుకుపడితే, 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల మందులని ఆపేసింది. 1989 నుంచి ఊరూరా రైతు పాఠశాలలు పెట్టి, పొలంలో కూర్చుని పురుగులు లెక్కపెట్టడం నేర్పింది. మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో నడిచిన పొలంబడి ఆ కుటుంబంలోదే. హర్యానా జింద్ జిల్లా నిడానా ఊళ్లో డాక్టర్ సురేంద్ర దలాల్ అనే వ్యవసాయాధికారి పత్తి చేన్లలో కీటక పాఠశాల నడిపితే, ఆడవాళ్లు భూతద్దాలు పట్టుకుని పురుగులకి తమ భాషలో పేర్లు పెట్టుకున్నారు.

కొత్త పురుగు ఎప్పుడొస్తుందో కూడా చెప్పలేం. మక్కలో కత్తెర పురుగు 2018లో మొదట కర్ణాటకలో కనబడి, అదే ఏడాది మన చేన్లకి చేరింది. తల మీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు. ఈ రెండు గుర్తులు మా ఇంట్లో ఆరేళ్ల చిన్నోడికి కూడా తెలుసు. బడిలో చెప్పలేదు. మక్క కంకి ఒలుస్తూ నేర్చుకున్నాడు.

మళ్లీ చెరకు చేన్లోకి

పోయిన సెప్టెంబర్‌లో చెరకు ఆకుల మీద పైరిల్లా పట్టింది. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన గడ్డి రంగు పురుగు. దాని పిల్లలకి వెనక రెండు తెల్లటి తోకలుంటాయి. ఆకు జిగటై, మసి కమ్మడం మొదలైంది. ఎనిమిది గుంటల భయం ఇంకా పోలేదు. కషాయం డ్రమ్ము నింపాను. పంపు భుజానికెత్తుకున్నాను.

"డాడీ, ఆగు. నాలుగో ప్రశ్న అడిగినవా?" అంది మా బిడ్డ.

పంపు దించాను. ఇద్దరం ఆకులు తిరగేసుకుంటూ నాలుగు సాళ్లు నడిచాం. ఆకుల మీద అక్కడక్కడా బియ్యపు గింజంత తెల్లటి పట్టు గూళ్లు. కొన్ని పైరిల్లాల వీపుకి తెల్లటి మైనపు ముద్దలా ఏదో అతుక్కుని ఉంది. బిడ్డ అది కూడా పైరిల్లాయే అనుకుంది. నాకు పాఠం గుర్తొచ్చింది. ఎపిరికేనియా. పైరిల్లా ఒంటి మీద అతుక్కుని దాని రసం తాగి పెరిగే చిన్న రెక్కల పురుగు పిల్ల. ఈసారి ప్రశ్న ఆమెది, జవాబు నాది.

ఆకుకి ఎన్ని గూళ్లున్నాయో లెక్క రాసుకున్నాం. పిచికారీ వారం ఆపాను. గూళ్లు పెరిగాయి. ఇంకో వారం ఆపాను. గూళ్లు లేని ఒక మూల సాళ్లలోకి, గూళ్లున్న ఆకులు కోసి తెచ్చి కట్టాం. నెల తిరిగేసరికి పైరిల్లా వెతికితే కానీ దొరకలేదు. ప్రతిసారీ ఇలాగే అవుతుందని హామీ ఇవ్వలేను. గూళ్లు కనబడకపోయి ఉంటే పంపు మళ్లీ ఎత్తుకునేవాణ్నే. కానీ చూడకుండా కొట్టి ఉంటే, నాలుగు వేల రూపాయల కూలీ, కషాయంతో పాటు ఆ కాపలా మొత్తాన్ని నా చేత్తోనే చంపి ఉండేవాణ్ని. చిక్కుడు పందిరి కథే రెండెకరాల్లో జరిగి ఉండేది.

మా బిడ్డ నోట్‌బుక్‌లో ఇప్పటికి 87 పేర్లున్నాయి. కొన్నిటికి శాస్త్రీయ నామం ఉంది, కొన్నిటికి నానమ్మ చెప్పిన పేరుంది, పదకొండింటికి "తెల్వదు" అని రాసి పక్కన బొమ్మ వేసింది. నాకు ఆ పదకొండే ఎక్కువ నచ్చాయి. నేను "తెల్వదు" అని రాయడం నేర్చుకోక ముందే అగ్నిఅస్త్రం కొట్టాను.

ఈ ఏడు మొదటి వాన పడ్డ రోజు పిల్లలని తొందరగా పడుకోబెట్టకండి. టార్చ్ ఇచ్చి యాప చెట్టు కిందికి తీసుకుపోండి. తలెత్తి పైకి చూడండి. చప్పుడు వినండి. బకెట్ మాత్రం మర్చిపోవద్దు.